కలకత్తాలో నా గోళీలకు నేనే ప్రతిపక్షం

కలకత్తా వెళ్ళివచ్చిన ప్రతివారూ వంతెన ఎంత పెద్దదో, రసగుల్లా ఎంత మెత్తనిదో చెప్పి ముగిస్తారు. ఈ రెండు విషయాల్లోనూ నాకు వారితో విభేదం లేదు. విభేదం లేని చోట నాకు మాట పెగలదు. కాబట్టి ఆ ఊరు ఇంకా చూడని పాఠకులకు నేను చెప్పబోయేది వేరు. ఆమ్లం గురించి ఒక నగరం మొత్తం ఎంత ఆప్యాయంగా మాట్లాడుకుంటుందో, ఆ నగరానికే వెళ్ళి ఆమ్లాన్ని గుర్తుపట్టే గోళీలు చేయబోయిన నేను చివరికి ఎవరితో వాదించవలసి వచ్చిందో, అది చెబుతాను.

ముందుగా నా అర్హతలు మనవి చేసుకోవాలి. విజయనగరంలో డిగ్రీ చదివిన రోజుల్లో నేను కళాశాల వాదోపవాద జట్టులో ఉండేదాన్ని. వేదిక ఎక్కే ముందు చీటీ తీయాలి. అనుకూలం వస్తే అనుకూలం, ప్రతికూలం వస్తే ప్రతికూలం. మద్యనిషేధాన్ని పొద్దున సమర్థించి, మధ్యాహ్నం ఖండించి, రెండింటికీ బహుమతి తెచ్చుకున్నదాన్ని. ఈ శిక్షణ వల్ల నాకొక అలవాటు మిగిలిపోయింది. ఎవరైనా ఒక మాట అనగానే దానికి ఎదురుమాట నా చెవిలో వినిపిస్తుంది. ఆ అన్నది నేనే అయినా వినిపిస్తుంది.

తర్వాత రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. కలకత్తాలోని ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థి స్థానం ఒక్కటి ఖాళీగా ఉందనీ, కావలసినవారు వారం పాటు అక్కడే ఉండి, స్వహస్తాలతో ఒక పదార్థం తయారుచేసి, శనివారం సభలో అందరి ముందూ నిలబెట్టాలనీ కబురు వచ్చింది. పదార్థం నిలబడితే నేనూ అక్కడ నిలబడతాను. లేకపోతే విజయనగరంలో ఒక ట్యుటోరియల్ కళాశాల నా కోసం కుర్చీ తుడిచి సిద్ధంగా ఉంచింది. జన్మంతా ఇంటర్ పిల్లల చేత ఆమ్లక్షారాలు వల్లెవేయించవచ్చు.

రైల్లో

నా ఎదుటి బెర్తుల్లో అరకు చూసి తిరిగి వెళ్తున్న బెంగాలీ దంపతులు కూర్చున్నారు. ఘోషాల్ బాబు అనే ఆ పెద్దమనిషి, చెమటలు కారుతున్న ఆ మధ్యాహ్నం, చెవులూ మెడా కప్పేసే ఉన్ని టోపీ పెట్టుకున్నారు. అరకులో చలి అని కొన్నారట. కొన్న తర్వాత తీయడం అపవ్యయమని ఆయన వాదం. ఆయన భార్య ఒడిలో రెండు సంచులున్నాయి. ఒకదాన్లో పూరీలూ బంగాళాదుంప కూరా, రెండోదాన్లో అవి తిన్న తర్వాత వేసుకోవలసిన మాత్రలు. రెండు సంచులూ ఒకే బరువున్నట్టు కనిపించాయి.

"ఏం పని మీద వెళ్తున్నావు, మా?" అని అడిగారాయన. అక్కడ పెద్దవాళ్ళు ఆడపిల్లలను 'మా' అని పిలుస్తారు.

చెప్పాను. సముద్రపు నాచు నుంచి తీసిన ఒక పొడి ఉంటుంది. నీళ్ళలో కలిపితే గంజిలా చిక్కబడుతుంది. ఆ గంజిని కాల్షియం ఉప్పు కలిపిన నీళ్ళలోకి చుక్కలు చుక్కలుగా వదిలితే, ప్రతి చుక్కా ఒక మెత్తని గోళీగా గడ్డకడుతుంది. గోళీ నిండా నీరే, అయినా వేళ్ళతో పట్టుకోవచ్చు. దీన్ని హైడ్రోజెల్ అంటారు. చుట్టూ ఆమ్లం ఉన్నంతసేపూ ఇది ముడుచుకుని నోరు మూసుకుంటుంది. ఆమ్లం తగ్గితే ఉబ్బి తెరుచుకుంటుంది. పొట్టలో ఆమ్లం ఎక్కువ, పేగులో తక్కువ. అందువల్ల లోపల మందు పెట్టి మింగితే, ఆ మందు పొట్టలో దాక్కుని పేగులో దిగుతుంది. పని అయ్యాక గోళీని పారేస్తే మట్టిలో కలిసిపోతుంది.

ఆయన టోపీ కొంచెం పైకి జరిపి శ్రద్ధగా విన్నారు. "అంటే, పొట్టలో ఆమ్లం ఉన్న సంగతి ఆ గోళీకి తెలుస్తుందన్నమాట."

"తెలుస్తుందండీ."

"నాకూ తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా తెలుస్తోంది."

"ఈయన కూడా నీ గోళీ లాంటివారే," అన్నది ఆవిడ, పూరీ నా చేతిలో పెడుతూ. "పులుపు తగిలితే ముడుచుకుంటారు. నోరు మూసుకోవడం ఒక్కటే ఇంకా నేర్చుకోలేదు."

భువనేశ్వర్ దాటేలోపు ఆ పెట్టెలో సగం మంది తమ తమ పొట్టల చరిత్ర నాకు వినిపించారు. మన ఊళ్ళలో పరిచయం కాగానే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. వాళ్ళు తిన్నది అరిగిందా అని అడుగుతారు. మన ప్రశ్న కంటే అది ఎక్కువ సమతాదృష్టి గలదని ఒప్పుకోవాలి. కులం కొందరినే కలుపుతుంది, కడుపుమంట అందరినీ కలుపుతుంది.

టికియాపారా

హౌరా స్టేషన్‌లో మా బాబాయి వచ్చి నిలబడ్డాడు. ఆయన మా పిన్ని భర్త. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి కుర్రతనంలోనే వచ్చి, టికియాపారా రైల్వే షెడ్డులో పెట్టెలు బాగుచేసే పనిలో చేరి, అక్కడే క్వార్టర్లో స్థిరపడ్డాడు. ఆయన తెలుగులో మూడో వంతు బెంగాలీ, మిగిలిన రెండు వంతులూ కళింగం.

"ఏటమ్మా వసుదా, ఈ సంచీలేటి, ఈ సీసాలేటి? కాపరానికొచ్చినావా, సదూకి వొచ్చినావా?"

"ప్రయోగసామగ్రి, బాబాయీ. పరిశోధన నిమిత్తం తీసుకువచ్చాను."

ఆయన కూలి వైపు తిరిగి బెంగాలీలో ఏదో అని పెద్దగా నవ్వాడు. ఏమన్నావని అడిగితే, "మా గుంట పుస్తకం సదివినట్టు మాటాడతాది, పేజీ తిప్పేదాకా ఆగు దాదా అన్నానే," అన్నాడు.

ఇంటికి చేరేసరికే నా కీర్తి నాకంటే ముందు చేరింది. 'మా ఆవిడ అక్క కూతురు, పొట్టకి మందు గోళీలు సేస్తాది' అని బాబాయి క్వార్టర్ల వరసంతా చెప్పి ఉంచాడు. సాయంత్రానికి గుమ్మం ముందు పెద్దవాళ్ళు చేరారు. ఒకరికి పుల్లటి తేన్పులు, ఒకరికి గుండెలో మంట. నేను చేసేది మందు కాదని, మందు దాచే గోళీ మాత్రమే అని సవినయంగా వివరించాను. "ఉత్తరం నేను రాయనండీ, కవరు చేస్తాను," అన్నాను.

పక్కింటి ముసలమ్మ ఆలోచించి, "సరే, కవరే ఇయ్యమ్మా. మింగీసి సూస్తాను," అన్నది.

ప్రయోగశాల

హౌరా రేవులో లాంచీ ఎక్కి హుగ్లీ నది దాటి, అవతల బస్సు పట్టుకుని ప్రయోగశాలకు చేరాలి. గోడల మీద ఎర్రరంగు నినాదాలు, వాటి కింద పాత నినాదాలు, అన్నిటి పైన చెప్పుల దుకాణం ప్రకటన. నినాదం అర్థమయ్యేలోపు బస్సు కదులుతుంది, అందువల్ల నాకు ప్రతి నినాదమూ సగమే తెలుసు.

ప్రయోగశాల పెద్దను అందరూ సుపర్ణా-ది అంటారు. 'ది' అంటే అక్క. మా విభాగంలో 'మేడమ్ గారూ' అనడానికి కూడా రెండు అడుగులు వెనక్కి వేసి అనేవాళ్ళం. ఇక్కడ నెరిసిన జుట్టు ప్రొఫెసరును నిన్నటి విద్యార్థి అక్కా అని పిలిచి, 'నువ్వు చెప్పింది తప్పు' అని కూడా అంటాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని 'ఎందుకు?' అంటారు. ఆ 'ఎందుకు' విన్న క్షణం నాకు ఆ స్థానం మీద నిజంగా ఆశ పుట్టింది. అంతవరకూ అది ఉద్యోగం, అప్పటి నుంచి కోరిక.

అక్కడ ఒక ఆచారం ఉంది. శనివారం సభలో ఎవరు ఏ పదార్థం చూపినా, వారికి ఎదురుగా ఒక కుర్చీ వేస్తారు. అది ప్రతిపక్షం కుర్చీ. అందులో కూర్చున్నవారు పదార్థంలో ఒక్క లోపమైనా వెతికి చూపాలి. లోపం లేకపోతే లేదని ఒప్పుకుని లేవాలి. నాకు ప్రతిపక్షంగా ప్రబీర్-దా పేరు వచ్చింది. 'దా' అంటే అన్న. ఆయన అక్కడ అందరికంటే పాత పరిశోధకుడు. పొడుగ్గా, వంగి, భుజానికి సంచీతో, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమవుతున్నట్టు ఉంటాడు.

"బొశుధా, భయపడకు," అన్నాడు మొదటి రోజే. వ అనే అక్షరం ఆ ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. "నువ్వు అతిథివి. చిన్న లోపం ఒకటి చూపించి కూర్చుంటాను. గోళీ సైజు లాంటిది."

"అది అన్యాయం, ప్రబీర్-దా. మీకు తోచిన పెద్ద లోపమే చూపించాలి."

"ముందు గోళీ చెయ్యి తల్లీ. లోపం దానంతట అదే వస్తుంది."

వచ్చింది. బూంది దూసినట్టు సిరంజి నుంచి చుక్కలు వదిలాను. లోపల ఉన్నది కనిపించాలని మందుకు బదులు పసుపుపచ్చని విటమిను కలిపాను. పడిన ప్రతి చుక్కకూ తోక వచ్చింది. గిన్నె నిండా పచ్చని తోకకప్పలు. ప్రబీర్-దా వంగి చూసి, వాటిని చెరువులో వదిలితే బతుకుతాయన్నాడు. గంజి చిక్కదనం పెంచి, సిరంజి ఎత్తు మార్చి, రెండో రోజు సాయంత్రానికి గుండ్రని గోళీలు సాధించాను. అప్పుడు అందరూ లేచి కిందికి టీకి వెళ్ళారు. అక్కడ ఏ పని పూర్తయినా టీ, కాకపోయినా టీ. మట్టి ముంతలో నిమ్మరసం, నల్ల ఉప్పు వేసిన టీ రెండు రూపాయలు. తాగి ముంతను నేలకేసి కొట్టాలి. నాకు మొదటిసారి చేయి రాలేదు. మన ఇళ్ళలో అలా చేస్తే వీపు పగులుతుంది.

పరీక్షకు రెండు పెద్ద సీసాలున్నాయి. ఒకదాని మీద బెంగాలీలో 'పొట్ట' అని, రెండోదాని మీద 'పేగు' అని రాసి ఉంది. మొదటిది ఆమ్లం, రెండోది ఆమ్లం పోయిన ద్రావణం. నా గోళీలు 'పొట్ట'లో ముడుచుకుని, బుద్ధిగా కూర్చున్నాయి. 'పేగు'లో వేయగానే ఉబ్బి, పగిలి, పచ్చరంగు వదిలాయి. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. సుపర్ణా-ది కూడా కొట్టారు. ఇక శనివారం మిగిలింది, అంతే అనుకున్నాను.

మిఠాయి కొట్టు

ఆ సంతోషంలో మిఠాయి కొట్టుకు వెళ్ళాం. మరుగుతున్న పెద్ద గుండిగలోకి ఒకతను పులిసిన విరుగుడు తేట పోస్తున్నాడు. పాలు ఫటాలున విరిగాయి. నా నోటి నుంచి అప్రయత్నంగా "అయ్యయ్యో" అని వచ్చింది. మన దగ్గర పాలు పొంగితే శుభం, విరిగితే అశుభం. గృహప్రవేశం నాడు పాలు విరిగితే ఇల్లే అమ్మేసుకునేవాళ్ళున్నారు. అక్కడ పాలు విరగ్గొట్టడమే కులవృత్తి, తాత విరగ్గొట్టిన తీరును మనవడు గర్వంగా చెప్పుకుంటాడు. ఆలోచిస్తే అదీ మా విద్యే. పులుపు తగిలితే ముడుచుకునే స్వభావం పాలలోనూ ఉంది. మనం దాన్ని అపశకునమన్నాం, వాళ్ళు దాన్ని పిండి, ఉండచేసి, పాకంలో వేశారు. ఒకే వాస్తవం, రెండు తీర్పులు. నేను రెండో తీర్పును ఐదుసార్లు సమర్థించాను.

బంద్

మర్నాడు బంద్. లాంచీ లేదు, బస్సు లేదు. కొన్ని గోళీలు సీసాలో నాతోపాటు ఇంటికి తెచ్చుకున్నాను గనుక ఇంట్లోనే ఉండిపోయాను. బాబాయి తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పండగ ముఖంతో అరుగు మీద కూర్చున్నాడు.

"ఈ బంద్‌కు ఎవరు పిలుపిచ్చారు బాబాయీ?"

"మా ఓలే."

"ప్రభుత్వం ఎవరిది?"

"అదీ మా ఓలదే."

"మరి బంద్ ఎవరి మీద?"

"ఢిల్లీ మీద."

"ఢిల్లీ మీద అయితే టికియాపారాలో కూరగాయల కొట్టు ఎందుకు మూసినట్టు?"

బాబాయి కిళ్ళీ నములుతూ నన్ను జాలిగా చూశాడు. "అన్నీ అడిగితే బందు సాగదే గుంటా. ఏటో ఒకటి నమ్మాల."

ఆయన పక్కనే కిళ్ళీ సున్నం డబ్బా ఉంది. సున్నం నీళ్ళంటే ఆమ్లానికి పూర్తిగా ఎదురు. నా గోళీలు ఆమ్లం తగ్గితే తెరుచుకునేవే అయితే, సున్నపు తేటలో పటాపంచలు కావాలి. సరదాగా గ్లాసులో తేట తీసి నాలుగు గోళీలు వేశాను. తెరుచుకోలేదు. పిన్ని వంట చేసే దాకా చూశాను. భోజనం అయ్యాక చూశాను. రాయిలా ఉన్నాయి.

పిన్ని గ్లాసులోకి తొంగిచూసి, "ఇలాటి బూంది పెళ్ళిలో పెడితే పళ్ళూడిపోతాయి, కొట్లాటలవుతాయి," అన్నది.

నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. సున్నంలో ఉన్నదీ కాల్షియమే, గోళీని గడ్డకట్టించిందీ కాల్షియమే. ముడి వేసినవాడినే పిలిచి ముడి విప్పమన్నట్టుంది ఈ పరీక్ష, కనుక చెల్లదు. అంతలోనే ఎదురుమాట వినిపించింది. ముడి ఉన్నంతకాలం, ఆమ్లం పోయినా గోళీ తెరుచుకోదని తేలింది కదా. మరి 'పేగు' సీసాలో ఆ ముడిని ఎవరు విప్పారు?

ఆ సందేహంతో ఉండగానే మరో నష్టం. మట్టిలో కలుస్తాయో లేదో చూడాలని కొన్ని గోళీలను పిన్ని మిరప మొక్క తొట్టెలో పాతిపెట్టాను. పక్కింటివారి కోడి తొట్టెను కెలికి అన్నిటినీ తినేసింది. "మట్టిలో కలవలేదు గానీ కోడిలో కలిసినాయి, అదీ మంచిదేగా," అన్నాడు బాబాయి. కోడికి పొట్టా పేగూ రెండూ ఉన్నాయి కాబట్టి ప్రయోగం సంపూర్ణంగానే జరిగిందనుకోవాలి. ఫలితం సేకరించే ఓపిక నాకు లేకపోయింది.

శుక్రవారం

'పేగు' సీసాలో ఏముందో వెళ్ళగానే అడిగాను. ఫాస్ఫేటు ద్రావణమన్నారు. ఫాస్ఫేటుకు కాల్షియమంటే ప్రాణం, కనిపిస్తే లాగేసుకుంటుంది. ఎవరూ లేని సమయం చూసి, ఫాస్ఫేటు లేకుండా, ఆమ్లత మాత్రం సరిగ్గా 'పేగు'కు సమానంగా ఉండే మరో ద్రావణం కలిపాను. గోళీలు వేశాను. కొంచెం ఉబ్బాయి, ఆగిపోయాయి. రంగు వదల్లేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే.

అంటే ఆమ్లం తగ్గిందని గోళీ తలుపు తీయలేదు. ఫాస్ఫేటు వచ్చి తలుపు రెక్కలే ఊడదీసుకుపోయింది. మేం తలుపు తెరుచుకుందని చప్పట్లు కొట్టాం.

రాత్రి అన్నాల దగ్గర సంగతి చెప్పాను.

"ఈ మాట ఆలకెవులకైనా తెలుసేటి?" అన్నాడు బాబాయి.

"తెలియదు."

"అడిగినారేటి?"

"అడగలేదు."

"మరింకేటి? నోరు మూసుకో."

"అడగనంత మాత్రాన అబద్ధం నిజమవుతుందా బాబాయీ?"

"నిజమవదు. ఉద్యోగమవుతాది."

ఇంత పదునైన ప్రతివాదం నాకు కళాశాల పోటీల్లో ఎన్నడూ ఎదురుకాలేదు. మరికొంచెం పప్పు వడ్డించుకున్నాను. పిన్ని మాత్రం నా ముఖం చూసి, "ఇది సెప్పీస్తాదిలెండి. సిన్నప్పుడు దాగుడుమూతల్లో కూడా, ఎక్కడ దాగుందో అరిసి సెప్పీసీది," అన్నది.

నిద్రపోయే ముందు ఒక మధ్యేమార్గం దొరికింది. ప్రశ్న వేయడం ప్రతిపక్షం ధర్మం. ప్రబీర్-దా అడిగితే నిజం చెబుతాను. అడగకపోతే, నా పక్షం నేను వినిపించి కూర్చుంటాను. నియమాల ప్రకారం ఇందులో దోషం లేదు. ఇంత చక్కని నియమం కనిపెట్టినందుకు నన్ను నేను అభినందించుకున్నాను. ఎదురుమాట వినిపించకుండా దుప్పటి చెవుల మీదికి లాక్కున్నాను.

శనివారం

కుండపోత వాన. పైగా నగరం నడుమ ఊరేగింపు. ప్రబీర్-దా బస్సు ఎక్కడో చిక్కుకుంది. నా ఎదురుగా ప్రతిపక్షం కుర్చీ ఖాళీగా ఉంది. నేను గోళీలు చూపించాను. 'పొట్ట'లో మూసుకున్నాయి, 'పేగు'లో తెరుచుకున్నాయి, సభలో చప్పట్లు మోగాయి.

"ప్రబీర్ రాలేదు," అన్నారు సుపర్ణా-ది. "ఇవాళ్టికి ప్రతిపక్షం లేకుండానే కానిద్దామా?"

అందరూ సరేనన్నారు. నా స్థానం నా చేతికి అందింది. నేను చేయవలసిందల్లా కూర్చోవడం. కూర్చున్నాను కూడా. కానీ వెళ్ళి ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాను.

"సుపర్ణా-ది, ప్రతిపక్షం లేని సభ చెల్లదు. మీరు అనుమతిస్తే ఆ బాధ్యత నేను తీసుకుంటాను."

"నీ మీద నువ్వేనా?"

"కుర్చీ వేరు కదండీ."

ఆవిడ కళ్ళజోడు సవరించుకున్నారు. నేను లేచి, ఎదుటి ఖాళీ స్థలాన్ని ఉద్దేశించి, "నా గౌరవనీయ మిత్రురాలు ఇంతవరకు ఎంతో మధురంగా మాట్లాడారు," అని మొదలుపెట్టాను. "వారిని ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ గోళీ ఆమ్లత మారినందుకు తెరుచుకుందా, ఫాస్ఫేటు వచ్చినందుకా?" అని, ఇవతలికి వచ్చి, "ఆమ్లత మారినందుకే," అని, మళ్ళీ అవతలికి వెళ్ళి, "అయితే ఇది చూడండి," అంటూ ఫాస్ఫేటు లేని ద్రావణంలో గోళీలు వేశాను. సభ అంతా గాజుగ్లాసు చుట్టూ మూగింది. గోళీలు తెరుచుకోలేదు. నా మిత్రురాలి పరిస్థితి చూస్తే నాకే జాలేసింది.

సరిగ్గా అప్పుడు ప్రబీర్-దా తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు, తల నుంచి నీళ్ళు కారుతూ. తన కుర్చీ దగ్గర నన్ను చూసి, జరిగింది విని, గ్లాసు చూసి, 'పేగు' సీసా వైపు చూశాడు. తర్వాత నా ఖాళీ స్థలంలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"అయితే ఈ గోళీల పక్షాన నేను మాట్లాడతాను! పేగులో ఫాస్ఫేటు ఉండదా? ఉప్పు ఉండదా? పేగులోకి పోయాక గోళీ తెరుచుకుంటుందా లేదా? రోగికి మందు అందుతుందా లేదా? పేగుకు లేని పట్టింపు ఈ అమ్మాయికెందుకు?"

"తెరుచుకోదని నేననలేదు," అన్నాను. "దేనివల్ల తెరుచుకుందో తప్పు చెప్పకూడదంటున్నాను."

"తలుపు తెరుచుకుంటే చాలదా?"

"తలుపే లేకపోతే రేపు దాన్ని మూసేదెలా?"

ఆయన బల్ల గుద్దాడు, నేనూ గుద్దాను. నా గోళీలను ఆయన కాపాడుతున్నాడు, నేను చంపుతున్నాను. నన్ను అతిథి అన్న మనిషి నా కోసం ఇంత పోరాడుతున్నాడే అని లోలోపల కరిగిపోతూనే, పైకి ఖండిస్తూ వచ్చాను.

చివరికి సుపర్ణా-ది ఓటు పెట్టారు. 'ఈ గోళీ పొట్టలో మూసుకోవడమూ, పేగులో తెరుచుకోవడమూ ఆమ్లత వల్లనే' అని తీర్మానం. అనుకూలంగా ఒక్క చేయి లేచింది. అది ప్రబీర్-దాది, ఇంకా నీళ్ళు కారుతోంది. వ్యతిరేకంగా మిగిలినవన్నీ లేచాయి, నాదీ అందులో ఉంది.

"తీర్మానం వీగిపోయింది," అన్నారావిడ. 'పేగు' సీసా చేతిలోకి తీసుకున్నారు. "ఈ సీసా మనం ఎన్నాళ్ళుగా వాడుతున్నాం?"

ఒకరిద్దరు తమ పాత నోటుపుస్తకాలు తిరగేయసాగారు.

"బొశుధా, స్థానం నీకే ఇస్తున్నాను. గోళీలు కొత్తగా చెయ్యాలి. ముడి కాల్షియంతో కాకుండా రొయ్య పెంకుల నుంచి తీసిన పదార్థంతో వేసి చూడు. దానికంటే ముందు ఒక పని. ఈ సీసాలో తెరుచుకున్నాయని ఈ గదిలో ఎవరెవరు రాశారో, వారి గోళీలన్నిటినీ నీ ద్రావణంలో మళ్ళీ పరీక్షించాలి."

గదిలో తలలన్నీ ఒక్కసారిగా ప్రబీర్-దా వైపు తిరిగాయి. అప్పుడు తెలిసింది, ఆయన థీసిస్ మొత్తం ఆ సీసా మీదే నిలబడి ఉందని, టైపు కూడా పూర్తయిందని. ఆయన అంతసేపూ కాపాడింది నా గోళీలను కాదు.

హౌరా ప్లాట్‌ఫారం

సామాను తెచ్చుకోవడానికి ఆదివారం ఇంటికి బయలుదేరాను. బాబాయి సంచీలు మోస్తూ అడిగాడు. "ఇంతకీ గెలిసినావా, ఓడినావా?"

"రెండూ, బాబాయీ."

"రెండు పక్కలా నువ్వే నిలబడితే నిన్నోడించీవోడెవుడే?" అన్నాడు. కానీ ముఖంలో గర్వం దాచలేకపోయాడు. పక్కన నిలబడ్డ కూలికి బెంగాలీలో సంగతంతా చెప్పాడు. అతను నన్ను ఎగాదిగా చూసి, అరిగిందా అన్నట్టు తల ఊపాడు.

రైలు కదలడానికి ముందు ప్రబీర్-దా వచ్చాడు, ఎప్పటిలాగే ఆలస్యంగా, పరుగెత్తుతూ. కిటికీ దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"నీకు ఒక స్థానం దొరికింది," అన్నాడు. "నాకు ఇంకో ఏడాది దొరికింది."

నేను తల దించుకున్నాను. ఆయన తెచ్చిన రెండు టీ ముంతల్లో ఒకటి నా చేతికిచ్చి, "ఒక్కటి చెప్పు. నిన్న నువ్వు నా పక్షాన ఉంటే ఏం వాదించేదానివి?" అని అడిగాడు.

ఆలోచించనక్కరలేకపోయింది. "తీర్మానాన్ని రెండుగా విడగొట్టమని అడిగేదాన్ని. పొట్టలో మూసుకోవడం నిజంగా ఆమ్లం వల్లే. అది సున్నంతో కానీ ఫాస్ఫేటుతో కానీ పోయేది కాదు. ఆ సగం నెగ్గేది. మీ థీసిస్‌లో సగం అధ్యాయాలు మీకు దక్కేవి. మీరు రెండింటినీ కలిపి ఓటుకు పెట్టనిచ్చారు."

ప్రబీర్-దా టీ తాగడం ఆపేశాడు. రైలు కదిలింది. ఆయన కిటికీ పట్టుకుని నడవసాగాడు.

"ఇది నిన్ననే చెప్పి ఉంటే నేను గెలిచేవాణ్ణి కదా!"

"గెలిచేవారు," అన్నాను. "వెంటనే నేను లేచి ఖండించేదాన్ని."

"ఏమని?" అని అరిచాడు, పరుగెత్తుతూ.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ప్లాట్‌ఫారం అయిపోయింది.